నాన్నగారు వార్డరా, వార్డెనా? చెన్నైలో ఇంటి ఫారంలో ఏం రాయాలి?

గోదావరి కుర్రాడు (విల్లివాక్కం):
అందరికీ నమస్కారం. చెన్నై వచ్చి ఇరవై రోజులైంది. అమ్మానాన్నల్ని తెచ్చుకుందామని ఇల్లు చూశాను. నాన్నగారు రాజమండ్రి సెంట్రల్ జైల్లో హెడ్ వార్డర్‌గా రిటైరయ్యారు. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే అద్దె ఫారంలో ఇంట్లో ఉండేవాళ్ల ఉద్యోగాలు రాయాలట. బ్రోకరు తనే నింపేసి నాన్న పేరు పక్కన 'వార్డెన్, రిటైర్డ్' అని పెట్టాడు. ఓనరు చూసి "ఏ కాలేజీ హాస్టల్?" అని అడిగాడు. నాన్నకి ఫోన్‌లో చెబితే "ముప్ఫై ఏళ్లు తాళాలు తిప్పితే చివరికి హాస్టల్లో సాంబారు లెక్కలు చూసేవాణ్ణి చేశారా" అని విసుక్కున్నారు. కొత్త ఫారంలో ఏం రాయమంటారు? తమిళంలో ఏమంటారు?

పెరంబూరు పాతకాపు:
తమ్ముడూ, అది తర్వాత, ముందు అడ్వాన్స్ ఎంత అడిగాడో చెప్పు. పది నెలలంటే ఒప్పుకోకు. 2017 తమిళనాడు అద్దె చట్టం ప్రకారం మూడు నెలల అద్దెకి మించి తీసుకోకూడదు. నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, అడిగితే తగ్గిస్తారు.

టి.నగర్ లాయరు బాబాయి:
సగమే చెప్పావు పాతకాపూ. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతేనే ఆ మూడు నెలలు. సంతకం పెట్టేశాక చట్టం చూపిస్తే ఓనరు నవ్వుతాడు.

పెరంబూరు పాతకాపు:
నేను చెప్పిందీ అదేగా, సంతకానికి ముందే అడగమని.

వేలచ్చేరి అక్క:
పిల్లాడు అడిగిందేమిటి, మీరు చెబుతున్నదేమిటి! బాబూ, మా నాన్న కూడా వార్డరే, అందుకే చెబుతున్నా. ఫారంలో ఏం రాసినా పర్వాలేదు గానీ నోటితో చెప్పేటప్పుడు జాగ్రత్త. నేను వచ్చిన కొత్తలో ఒక ఇల్లు భలే నచ్చింది, వెనకాల జామచెట్టు, కార్పొరేషన్ నీళ్లు. ఐదువేలు టోకెన్ ఇచ్చేశాం. ఓనరమ్మ కాఫీ ఇచ్చి మీ నాన్నగారేం చేస్తారని అడిగింది. నాకు వచ్చిన తమిళం పది మాటలు. 'అప్పా ముప్పదు వరుషం జెయిల్ల ఇరుందార్' అన్నాను. అంటే నాన్న ముప్ఫై ఏళ్లు జైల్లో ఉన్నారని! ఆవిడ చేతిలో డబరా అలాగే ఉండిపోయింది. ఏమీ అనలేదు, లోపలికెళ్లి వాళ్లాయన్ని పిలుచుకొచ్చింది, ఆయన గుమ్మంలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. మర్నాడు పొద్దున్నే ఫోను, మా చుట్టాలు వస్తున్నారు, ఇల్లు ఇవ్వలేమని. టోకెన్ డబ్బులు ఇప్పటికీ రాలేదు. నేనేం అన్నానో ఆఫీసులో ఒకమ్మాయి విడమరిచి చెప్పేదాకా నాకు తెలియలేదు. 'జెయిల్ల వేల పాత్తార్' అనాలి, అంటే జైల్లో పని చేశారని. ఆ 'వేల' అనే మాట మింగేస్తే మనిషి ఖైదీ అయిపోతాడు.

ఓఎంఆర్ రిటర్నీ:
అక్కా, సూపర్! తమ్ముడూ, బ్రోకరు రాసింది అలాగే ఉంచెయ్. అమెరికాలో వార్డెన్ అంటే జైలు మొత్తానికి పెద్ద. సెల్ దగ్గర డ్యూటీ చేసేవాళ్లని కరెక్షనల్ ఆఫీసర్ అంటారు. మీ నాన్నగారికి ఫ్రీగా ప్రమోషన్.

టి.నగర్ లాయరు బాబాయి:
అమెరికా సంగతి విల్లివాక్కం ఓనరుకెందుకు? మన దగ్గర జైలుకి పెద్ద సూపరింటెండెంట్. 1894 ప్రిజన్స్ యాక్ట్‌లో వరసగా చూడండి, సూపరింటెండెంట్, మెడికల్ ఆఫీసర్, మెడికల్ సబార్డినేట్, జైలర్, ఆపైన ప్రభుత్వం అవసరమనుకున్న మిగతావాళ్లు. జైలర్ అంటే కూడా చిన్న ఉద్యోగం కాదు, సూపరింటెండెంట్ రాసి ఇస్తే తప్ప జైల్లోనే కాపురం ఉండాలి. వార్డర్, హెడ్ వార్డర్, చీఫ్ హెడ్ వార్డర్ ఆ కింద. ఇంకోటి, పాత రోజుల్లో మంచి నడవడి ఉన్న ఖైదీలకే కాపలా పని అప్పజెప్పి కన్విక్ట్ వార్డర్ అనేవాళ్లు. 23వ సెక్షన్ అలాంటివాళ్లని పబ్లిక్ సర్వెంట్లుగానే చూస్తుంది.

పెరంబూరు పాతకాపు:
ఇదిప్పుడు అవసరమా బాబాయ్? పిల్లాడి తండ్రి యూనిఫాం ఉద్యోగి. తమ్ముడూ, పెన్షన్ కాగితంలో ఏముందో అక్షరం మార్చకుండా అదే రాయి, హెడ్ వార్డర్, పక్కన జైళ్ల శాఖ, ఆంధ్రప్రదేశ్. తమిళంలో వార్డర్‌ని 'సిరైక్ కావలర్' అంటారు. కానిస్టేబుల్‌ని కూడా కావలర్ అనే అంటారు కాబట్టి వినగానే పోలీసు లాంటి ఉద్యోగమని అర్థమవుతుంది. ఇక్కడ కానిస్టేబుల్, జైల్ వార్డర్, ఫైర్‌మన్ మూడింటికీ ఒకే బోర్డు ఒకే పరీక్ష పెడుతుంది. మా పక్కింటి కుర్రాడు రెండుసార్లు రాశాడు. సెంట్రల్ స్టేషన్ దగ్గర జైలు ఉందిగా, అక్కడ పోస్టింగ్ కావాలని వాడి ఆశ.

టి.నగర్ లాయరు బాబాయి:
ఇరవై రెండేళ్లు ఇక్కడే ఉన్నానంటావు, ఆ జైలు 2006లోనే పుళల్‌కి వెళ్లిపోయింది, 2009లో పాత గోడలు కూల్చేశారు. ఏ జైలు చూస్తున్నావు నువ్వు?

పెరంబూరు పాతకాపు:
బస్సులో వెళ్తూ నోటికి అలవాటైన మాట అన్నాను బాబాయ్, దానికీ సెక్షన్ చెబుతావా?

గోదావరి కుర్రాడు:
అందరికీ థాంక్సండి. నాన్న పెన్షన్ పుస్తకం ఫొటో తీసి పంపారు. మిషన్ మీద కొట్టినప్పుడు 'వార్డన్' అని పడితే చివరి అక్షరం కొట్టేసి పైన పెన్నుతో దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంది. ఈ తిప్పలు ఆయనకి కొత్త కాదన్నమాట. అలాగే హెడ్ వార్డర్ అని రాసి ఇచ్చాను. సిరైక్ కావలర్ అనగానే ఓనరు 'ఓ, పోలీసా' అని గేటు తాళం రెండో చెవి కూడా ఇచ్చాడు. అడ్వాన్స్ ఆరు నెలలకి దిగింది. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. కన్విక్ట్ వార్డర్ సంగతి రాసిన బాబాయి గారి ఫోన్ నంబరు అడుగుతున్నారు, ఇవ్వమంటారా?