గీజరు కొనేటప్పుడు రివ్యూలను ఎంతవరకు నమ్మవచ్చు?

బోరునీళ్ల బాధితుడు (అనంతపురం)
మూడేళ్ల కిందట వందలాది రివ్యూలు చదివి కొన్న గీజరు మొన్న అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. ఇప్పుడు మళ్లీ చూస్తే, అప్పుడు మెచ్చుకున్నవారిలో చాలామంది పెట్టె విప్పిన వారంలోపే రాశారని అర్థమైంది. ఈసారి వాటిని ఎలా చదవాలి? ఐదు స్టార్ల విద్యుత్ ఆదా లేబులు ఉన్నదానికి అదనంగా డబ్బు పెట్టవచ్చా?

గోదారి గట్టు
మా రాజమండ్రిలో ఒకే గీజరు పదకొండేళ్లుగా నడుస్తోంది. వీధి చివరి దుకాణదారు చెప్పింది కొన్నాను, ఒక్క రివ్యూ కూడా చదవలేదు.

తీరికగా చదివేవాడు
మీవి నది నీళ్లు, ఆయనవి బోరు నీళ్లు. మీ అనుభవం ఆయనకు పనికిరాదు, రివ్యూలకూ ఇదే వర్తిస్తుంది. నేను ‘కొత్తవి ముందు’ అని పెట్టుకుని ‘లీకు’, ‘ఉప్పునీరు’ అనే మాటలు వెతుకుతాను. పద్నాలుగు నెలల వాడకం తరువాత నీళ్లు వేడిచేసే ఎలిమెంటుకు వేలి మందాన పట్టిన తెల్లటి గారను ఒకరు ఫొటో తీసి పెట్టారు. అది చూసి ఆ మోడలును కార్టులోంచి తీసేశాను.

పాత మెకానిక్
ఇరవై రెండేళ్లుగా గీజర్లు విప్పుతున్నాను. ట్యాంకు లోపల మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ ఉంటుంది. ట్యాంకు ఉక్కుకు బదులు అది తుప్పుకు అరిగిపోతుంది. అరిగాక మార్చకపోతే ట్యాంకుకు చిల్లు పడుతుంది. ఒక్క స్టారు ఇచ్చి తిట్టేవారిలో దాన్ని మార్పించినవారు ఎందరు?

తీరికగా చదివేవాడు
అయ్యా, నేను చెప్పింది గార గురించి, తుప్పు గురించి కాదు. ఆనోడ్ కడ్డీ గారను ఆపదు.

పాత మెకానిక్
ఫొటోలు చూసి నేర్చుకున్నవారితో నేను వాదించను. ఏటా విప్పి శుభ్రం చేయిస్తే గార కూడా అంత మందాన పట్టదు.

మిక్సీ అమ్మ
ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే నూట యాభై రూపాయలు ఇస్తామని నా మిక్సీ పెట్టెలో చీటీ పెట్టారు. ఇక ఏ రివ్యూను నమ్మమంటారు?

చట్టం చదివినవాడు
రివ్యూల కోసం 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే భారతీయ ప్రమాణం వచ్చింది గానీ, దాన్ని పాటించడం స్వచ్ఛందమే అన్నారు. ఆ చీటీని ఫొటో తీసి ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

బోరునీళ్ల బాధితుడు
విద్యుత్ లేబులు సంగతి ఎవరూ చెప్పలేదు.

గోదారి గట్టు
మెకానిక్ గారి మాట విని ఇవాళ మా గీజరు విప్పించాను. కడ్డీ ఉండవలసిన చోట సన్నని తీగ మాత్రమే మిగిలింది. ఆ కడ్డీ రాజమండ్రిలో ఎక్కడ దొరుకుతుందండీ?