క్రెసెంట్ హోటల్ దెయ్యాల కథల్లో చరిత్ర పాలు ఎంత?

ప్రశ్న – రాజోలు నుంచి

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కిందటి దసరా రోజుల్లో మమ్మల్ని ఆర్కాన్సా రాష్ట్రంలోని యురేకా స్ప్రింగ్స్ అనే కొండ ఊరికి తీసుకువెళ్లి, అక్కడి క్రెసెంట్ హోటల్లో ఒక రాత్రి ఉంచింది. ఆ ఊరి ఊటనీళ్లతో రోగాలు నయమవుతాయని ఒకప్పుడు జనం తిరునాళ్లకు వెళ్లినట్టు వెళ్లేవారట. ఇప్పుడు ఆ హోటల్‌కు జనం వచ్చేది ఎక్కువగా దెయ్యాల కోసం. 218వ గదిలో, హోటల్ కడుతుండగా జారిపడి చనిపోయిన మైకేల్ అనే ఐర్లండు రాతిపని మేస్త్రి ఉంటాడని, 419లో థియొడోరా అనే క్యాన్సర్ రోగి కనిపిస్తుందని, మూడో అంతస్తులో అర్ధరాత్రి ఒక నర్సు శవాన్ని చక్రాల బల్లపై తోసుకుపోతుందని గైడు చెప్పాడు. మా ఆవిడ ఆ రాత్రంతా దీపం ఆర్పనివ్వలేదు. వీటిలో నిజంగా జరిగినది ఎంతో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు – అమలాపురం నుంచి

రాజోలు వారికి నమస్కారం. నేను చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని కనుక కట్టడం దగ్గర మొదలుపెడతాను. యురేకా స్ప్రింగ్స్ 1879లో ఊటల చుట్టూ పుట్టిన ఊరు. 1883లో రైలు రావడంతో డబ్బున్నవారు కూడా రావడం మొదలుపెట్టారు. ఆ రైలుకు, ఈ హోటల్‌కు వెనుక ఉన్నవారిలో ముఖ్యుడు ఆ రాష్ట్ర మాజీ గవర్నరు పవెల్ క్లేటన్. సున్నపురాయితో కట్టిన ఆ హోటల్ 1886 మే 20న తెరుచుకుంది. అయితే ఊటనీటి వైద్యంపై నమ్మకం సడలేకొద్దీ గదులు ఖాళీ అయ్యాయి. 1908 నుంచి 1924 వరకు, మళ్లీ 1930 నుంచి 1934 వరకు అదే భవనంలో ఆడపిల్లల కళాశాల నడిచింది.

అసలు కథ 1937లో మొదలవుతుంది. అయోవా రాష్ట్రానికి చెందిన నార్మన్ బేకర్ ఆ భవనాన్ని కొని క్యాన్సర్ ఆసుపత్రిగా మార్చాడు. అతడు వైద్యుడు కాడు. సొంత రేడియో స్టేషన్‌లో వైద్యులను తిట్టి పేరు తెచ్చుకున్నవాడు, 1931లో ఆ స్టేషన్ లైసెన్సు పోగొట్టుకున్నవాడు. ఊదారంగంటే అతనికి ఎంత మోజంటే, చొక్కాలే కాక కారు కూడా ఆ రంగులోనే ఉండేది. 1939లో అరెస్టయి, 1940లో నాలుగేళ్ల జైలుశిక్ష పొందాడు. గమనించవలసినదేమిటంటే, శిక్ష పడింది రోగుల ప్రాణాలు పోయినందుకు కాదు, టపా ద్వారా తప్పుడు ప్రకటనలు పంపి మోసగించినందుకు! జైలు నుంచి వచ్చాక ఫ్లోరిడాలో కాలం గడిపి 1958లో చనిపోయాడు.

జవాబు – పాలకొల్లు నుంచి

మాది మందుల దుకాణం కావడంతో నేను బేకర్ మందు గురించే చెప్పగలను. పుచ్చగింజలు, మొక్కజొన్న పీచు, క్లోవర్ ఆకు మరిగించిన కషాయంలో గ్లిజరిన్, కార్బాలిక్ ఆమ్లం కలిపి రోగులకు సూదిమందుగా ఎక్కించేవారు. కషాయం మాట ఎలా ఉన్నా, కార్బాలిక్ ఆమ్లం తగిలిన చోట కండను కాల్చే పదార్థం. దీన్ని నమ్మి, శస్త్రచికిత్స మానుకుని, ఇల్లూ పొలమూ అమ్మి వచ్చినవారు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకుంటే నాకు నర్సు దెయ్యం కంటే ఆ సూదే భయం పుట్టిస్తుంది. మన వైపు కూడా పసరుతో క్యాన్సర్ కరిగిస్తామనేవారికి నేటికీ కొదవ లేదు.

2019లో హోటల్ ఆవరణలో నేల తవ్వుతుంటే బేకర్ కాలపు గాజుసీసాలు వందల కొద్దీ బయటపడ్డాయి. నేలమాళిగలో శవాల గది ఉన్న మాట కూడా నిజమే కనుక, శవాన్ని తోసుకుపోయే నర్సు కథ గాలిలోంచి ఊడిపడినది కాదు.

జవాబు – ధవళేశ్వరం నుంచి

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన మన ఆనకట్ట వెంట, కాలువల వెంట లాకుల దగ్గర ఇన్‌స్పెక్షన్ బంగళాలు వెలిశాయి కదా. మా చిన్నప్పుడు అలాంటి ఒక బంగళాలో తెల్లదొర తిరుగుతాడని మా నాయనమ్మ చెప్పేది. పక్కవీధి లస్కరు మాత్రం అది దొర కాదు, దొరసాని అనేవాడు. పేరేమిటని అడిగితే ఇద్దరూ కసురుకునేవారు. మన గోదావరి జిల్లాల్లో మనిషి పరిచయం కావాలంటే ముందు ఇంటిపేరు అడుగుతాం. అది తెలిస్తే ఊరు, కులం, చుట్టరికం అన్నీ బయటికి లాగుతాం. మైకేల్‌నూ థియొడోరానూ అదే పరీక్షకు పెట్టమని నా సలహా. ఇంటిపేరు దొరికితే పాత పత్రికల్లో, సమాధుల లెక్కల్లో వెతకవచ్చు. దొరకకపోతే ఆ కథను కథగానే వినాలి. బేకర్‌ను చూడండి, ఇంటిపేరుతో సహా కోర్టు కాగితాల్లో ఉన్నాడు, కానీ పేరున్న దెయ్యాల్లో అతని కన్నా మైకేల్‌కే గిరాకీ ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. గుర్తు చేసుకుంటే, మా గైడు గంటకు పైగా మాట్లాడి కూడా బేకర్ తప్ప ఒక్కరి ఇంటిపేరూ చెప్పలేదండీ. బేకర్ గురించి చెప్పింది నాలుగు ముక్కలే, అవి కూడా ఆ ఊదారంగు చొక్కాల మీద నవ్వులాటగా. మా అమ్మాయి ఈ ఆదివారం ఫోను చేస్తుంది. మైకేల్‌గారి ఇంటిపేరేమిటో హోటల్‌వారికి ఉత్తరం రాసి కనుక్కోమంటాను.