‘మిస్సింగ్ ఫైల్స్’కు తెలుగు: పోయినవా, అగపడనివా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఏళ్ల తరబడి పోగుచేసిన పాటలు, కచేరీల రికార్డింగులు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉండేవి. అది తిరిగేటప్పుడు టకటక చప్పుడు వస్తోందని అన్నీ కొత్త డిస్క్‌లోకి కాపీ చేశాం. ఇప్పుడు ప్లేయర్ తెరిస్తే పాటల జాబితా ఎప్పటిలాగే ఉంది గానీ ప్రతి పాట పక్కనా ఆశ్చర్యార్థకం గుర్తు. నొక్కితే ‘ఫైల్ మిస్సింగ్’ అంటోంది. నాన్నగారు అనకాపల్లిలో ఉంటారు. ఫోన్ చేసి ‘నాన్నా, పాటలన్నీ పోయాయి’ అన్నాను. అవతల నుంచి మాట లేదు. నిజానికి పాటలు కొత్త డిస్క్‌లో క్షేమంగా ఉన్నాయి, ఫోల్డర్లోంచి విడిగా తెరిస్తే మోగుతున్నాయి కూడా. ఈ స్థితిని తెలుగులో ఏమనాలి? పాట కొత్త చోటును ప్లేయర్‌కు మళ్లీ చెప్పే ‘రీలింక్’ను ఏమనాలి? అడుగుతున్నది మాట గురించే, కానీ పని ఎలా చేయాలో చెప్పినా సంతోషిస్తాను.

నా జవాబు

అమ్మా, రెండూ కలిపే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే పనీ తప్పుతుంది. ‘పోయాయి’ అనుకున్నవాళ్లు సాధారణంగా జాబితా మొత్తం చెరిపేసి ఫోల్డర్‌ను కొత్తగా చేరుస్తారు. పాటలు మోగుతాయి, నిజమే. కానీ ఏ పాట ఎన్నిసార్లు విన్నారు, దేనికి ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు, ఎప్పుడు చేర్చారు, ఏ వరసలో ప్లేలిస్టు కట్టుకున్నారు అన్నవి చాలా ప్లేయర్లలో పాట ఫైలులో ఉండవు. లైబ్రరీ అనే వేరే ఫైలులో ఉంటాయి. జాబితా చెరిపిన నిమిషాన అవి నిజంగానే పోతాయి. నాన్నగారు ఏళ్లపాటు పేర్చుకున్న వరసలు అవి. కాబట్టి ముందు ఏదీ చెరపకండి.

లోపల జరిగింది చాలా చిన్న సంగతి. ప్లేయర్ పాటలను తన దగ్గర పెట్టుకోదు, ఎక్కడున్నాయో రాసుకున్న చిట్టా పెట్టుకుంటుంది. విండోస్‌లో ఆ చిట్టాలోని ప్రతి వరసా డ్రైవ్ అక్షరంతో మొదలవుతుంది. పాత డిస్క్ ‘ఈ’ డ్రైవ్ అనుకుందాం. కొత్తది తగిలించగానే విండోస్ దానికి ఖాళీగా ఉన్న మరో అక్షరం, ‘ఎఫ్’ అనుకుందాం, ఇచ్చేస్తుంది. మొదటి అక్షరం మారింది, చిట్టాలో వరసలన్నీ ఒక్కసారిగా తప్పాయి. మ్యాక్‌లో అక్షరానికి బదులు డిస్క్ పేరు ఉంటుంది. అక్కడ కొత్త డిస్క్‌కు పాత పేరే పెడితే చాలాసార్లు గొడవ ఉండదు.

ఇక మాట సంగతి. ‘పర్సు పోయింది’, ‘ఉద్యోగం పోయింది’, ‘ఆయన పోయారు’ అంటాం. మనదైన దాని గురించి ‘పోయింది’ అన్నామంటే వినేవాళ్లకు తట్టేది నష్టమే. కరెంటు ఒక్కటే పోయి మళ్లీ వస్తుంది. నాన్నగారు మౌనంగా ఉండిపోవడంలో తప్పేం లేదు, మీరు వాడిన క్రియకు ఆయన అర్థం సరిగ్గానే తీసుకున్నారు.

‘తప్పిపోయిన ఫైళ్లు’ అని కొందరు అనువదిస్తున్నారు. తప్పిపోవడానికి కాళ్లుండాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ జనంలో పిల్లవాడు తప్పిపోతాడు, మేతకెళ్లిన ఆవు తప్పిపోతుంది. ఇక్కడ పాట ఎటూ నడిచి పోలేదు, దాన్ని మనమే తీసుకెళ్లి పెట్టాం. ‘అదృశ్యం’ పత్రికల మాట, వినగానే ఏదో అనుమానం పుట్టిస్తుంది. ‘గల్లంతు’ కూడా పత్రికలవాళ్లే బాగా వాడారు, ‘ఓట్లు గల్లంతు’ అంటూ. అయితే అక్కడ మనిషి ఇంట్లోనే ఉంటాడు, జాబితాలో పేరుండదు. మీకు జరిగింది దానికి తలకిందులు: జాబితాలో పేరుంది, రాసిన ఇంటి నంబరులో మనిషి లేడు. ‘ఆచూకీ లేని ఫైళ్లు’ వీటన్నిటికన్నా నయం, వెతికితే దొరుకుతాయన్న ఆశ అందులో ఉంది.

నాకు మాత్రం వీటన్నిటికన్నా మన ఇళ్లలో రోజూ అనే ‘అగపడడం లేదు’ సరైనదనిపిస్తోంది. కారణం వ్యాకరణంలోనే ఉంది. ‘పాట పోయింది’ అంటే కర్త పాట, ఏమైనా అయింది పాటకే. ‘ప్లేయర్‌కు పాట అగపడడం లేదు’ అన్నప్పుడు ఎవరికి అగపడలేదో చెప్పే ‘కు’ విభక్తి వచ్చి చేరింది. లోపం చూసేవాడి వైపు వెళ్లింది, పాట క్షేమం. ‘నాకు కళ్లజోడు అగపడ్డం లేదు’ అనే మనిషికి కళ్లజోడు ఇంట్లోనే ఉందని తెలుసు. ఇంకో లాభం కూడా ఉంది. అగపడని దానికి మందు చూపించడమే. మాట వినగానే ఏం చేయాలో తెలిసిపోతుంది. అందుకని ‘మిస్సింగ్ ఫైల్స్’కు ‘అగపడని పాటలు’, ‘రీలింక్’కు ‘చోటు చూపించు’ అని నా ప్రతిపాదన.

పని విషయానికొస్తే, ప్లేయర్ మూసేసి ముందు లైబ్రరీ ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. పాత డిస్క్ ఊడదీయండి. విండోస్‌లో డ్రైవ్ అక్షరాలు మార్చే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి కొత్త డిస్క్‌కు పాత అక్షరం ఇవ్వండి. ఒకే అక్షరం ఒకే సమయంలో రెండు డిస్కులకు ఉండదు, అందుకే ఊడదీయమన్నది. కొత్త డిస్క్‌లో ఫోల్డర్ల అమరిక పాతదాని మాదిరే ఉంటే చోటు చూపించే అవసరం కూడా రాదు, ఆశ్చర్యార్థకాలు చాలావరకు వాటంతటవే తొలగుతాయి. అలా కుదరకపోతే ఐట్యూన్స్‌లో ఆ గుర్తున్న పాటను నొక్కి ఫైలు ఎక్కడుందో చూపించవచ్చు. ఒకటి చూపిస్తే ఆ చోటును బట్టి మిగతావీ వెతకమంటారా అని అదే అడుగుతుంది. మ్యూజిక్‌బీ అనే ప్లేయర్లో అగపడని ఫైళ్లను వెతకడానికే విడిగా ఒక ఆదేశం ఉంది. ఎమ్‌3యూ ప్లేలిస్టులు మామూలు అక్షరాల ఫైళ్లే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి దారి ముందుభాగాన్ని మూకుమ్మడిగా మార్చుకోవచ్చు.

ఐట్యూన్స్ తన చిట్టాను రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు తెరిచి చూస్తే మాత్రం కంగారుపడకండి. అక్కడ పాటల దారుల్లో తెలుగు అక్షరాలు పర్సెంటు గుర్తులతో సంకేతాలుగా మారి ఉంటాయి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు పర్సెంటు గుర్తుతో కలిపి 3 అక్షరాలు. పకారం, దాని దీర్ఘం, టకారం కలిసిన ‘పాట’ అన్న చిన్న మాట అక్కడ 27 అక్షరాలవుతుంది.

వ్యాఖ్య (పెదజాలరిపేట)

‘గల్లంతు’ వద్దన్నారు, మంచిదైంది. మా పేటలో ఆ మాట చెవిన పడితే ఎవరి పడవ అని అడుగుతారు. వేటకెళ్లినోళ్లు తిరిగి రాలేదనే మాకు ముందు తడుతుంది. మీరు ఓట్ల లెక్కన కాదన్నారు. మేం అయితే అసలు ఆ మాట పాటల దగ్గర పెట్టనివ్వం.

నా జవాబు

మీరు చెప్పింది నా కారణం కన్నా పెద్దది. గల్లంతుకు పాత అర్థం గోల, గందరగోళం. సముద్రంలో కనబడకుండా పోవడమనే అర్థం తర్వాత స్థిరపడింది, ఈ ఊళ్లో ఇప్పుడు అదే మొదటి అర్థం. ఒక మాట ఎక్కడ వాడుతున్నామో అక్కడివాళ్ల చెవితో వినాలి.

వ్యాఖ్య (సీతమ్మధార)

‘చోటు చూపించు’ మరీ పామరంగా ఉంది. ‘పునస్సంధానం’ అనండి, శాస్త్రీయంగా ఉంటుంది. అనుసంధానం జనానికి కొత్తదేమీ కాదు. నదుల అనుసంధానం, ఆధార్ అనుసంధానం అందరి నోళ్లలోనూ ఉన్నాయి కదా.

నా జవాబు

మాస్టారూ, అనుసంధానం జనం మాటైపోయిందన్నది నేనూ ఒప్పుకుంటాను. వివరణ పుస్తకంలో వాడితే నాకు అభ్యంతరం లేదు. అచ్చ తెలుగులో ‘లంకె’ కూడా ఉంది. లంకెబిందెల్లో ఉన్న లంకె అదే, ఇప్పుడు వెబ్ చిరునామాలకూ వాడుతున్నారు. అయితే మీట మీద రాసేది నామవాచకం అయితే ఎవరు ఏం చేయాలో చెప్పదు. ‘పునస్సంధానం’ అని కనిపిస్తే అది దానంతట జరుగుతుందా, మనం చేయాలా, పాటలు మళ్లీ కదులుతాయా అన్న సందేహాలు మిగిలిపోతాయి. డిస్క్ మార్చి, ఆశ్చర్యార్థకాలు చూసి, గాభరాలో ఉన్న మనిషి ఆ మీట ముందు కూర్చుంటాడు. ఆయనకు క్రియ కావాలి. పామరమన్న మాటకు నేను ఒప్పుకోలేను మాస్టారూ. చోటు, చూపు రెండూ మన భాష పునాదిలో ఉన్న మాటలు.

వ్యాఖ్య (కంచరపాలెం)

అన్నా, మేం ఫంక్షన్లకి సౌండ్ పెడతాం. డీజేలు వాడే సాఫ్ట్‌వేర్లలో, రెకార్డ్‌బాక్స్‌లో మిస్సింగ్ ఫైల్స్ అని వస్తాది, సెరాటోలో లాస్ట్ ఫైల్స్ అని వస్తాది. బాగుచేసే మీటకి రెండిట్లోనూ రీలొకేట్ అనే పేరు. పెళ్లి మండపంలో అవన్నీ ఎవడంటాడు? ‘పాట అగుపడ్నేదు, చూపించరా’ అంటాం, అంతే.

నా జవాబు

తమ్ముడూ, నేను ఇంత రాసి నిలబెట్టాలనుకున్నది మీరు మండపంలో అనేస్తున్నారు. ‘రీలొకేట్’ను కొందరు ‘తరలించు’ అని అనువదిస్తున్నారు, అది చాలా ప్రమాదం. ఆ మీట ఫైళ్లను కదపదు, చిట్టాలో రాసిన చోటును మారుస్తుంది. ‘తరలించు’ అని చదివినవాళ్లు పాటలు మళ్లీ ఇంకెక్కడికో పోతాయని భయపడి నొక్కరు. లేదంటే నొక్కి, ఇక కొత్త చోట కాపీ ఉంటుందిలే అని ఉన్న ఫోల్డర్ చెరిపేస్తారు.

మళ్లీ అడిగినవారు (ఎంవీపీ కాలనీ)

అక్షరం మార్చగానే దాదాపు అన్నీ వచ్చేశాయి, ప్లేలిస్టులతో సహా. అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ‘ప్లేయర్‌కి అగపడలేదు, ఇప్పుడు అగపడుతున్నాయి’ అని చెప్పాను. ఒక చిక్కు మిగిలింది. పాత డిస్క్‌లో కొన్ని ఫోల్డర్లు కాపీ కాకుండా మొరాయించాయి. వాటి నకలు మా అన్నయ్య పాత మ్యాక్‌లో ఉంటే జిప్ చేసి పంపాడు, అవే పేర్లతో అదే చోట పెట్టాం. వాటిలో కల్యాణి, తోడి, మోహన కలిశాయి. భైరవి, ఆనందభైరవి కలవలేదు. ‘విశాఖ కచేరీలు’ ఫోల్డర్ కలిసింది, ‘వైజాగ్ కచేరీలు’ మొత్తం అగపడని పాటల్లోనే ఉంది. పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు.

నా జవాబు

అమ్మా, మీరు రాసిన పేర్లలోనే జవాబుంది. భైరవి, ఆనందభైరవి, వైజాగ్. మూడింటిలోనూ ఐత్వం ఉంది. కలిసినవాటిలో ఒక్కదానికీ లేదు.

ఐత్వాన్ని చేత్తో ఎలా రాస్తాం? పైన ఎత్వం పెట్టి, కింద వంపు తిప్పుతాం. కంప్యూటర్లు అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లోనూ దానికి రెండు రూపాలున్నాయి. ఐత్వం మొత్తానికి ఒకే సంకేతం ఒకటి, ఎత్వానికో సంకేతం, కింది వంపుకో సంకేతం విడివిడిగా రాసేది రెండోది. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది, తెర మీద చూపుకూ ఒకటే. తెలుగు గుణింతంలో ఇలా విడదీసి సమానమని చెప్పింది ఈ ఒక్క గుర్తునే. మ్యాక్ పాత డిస్క్ పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడదీసే దాస్తుంది. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ అయితే ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది. మీ అన్నయ్యది పాత మ్యాక్ కాబట్టి జిప్‌లోకి విడదీసిన రూపమే వచ్చి ఉంటుంది. విండోస్ డిస్క్ వచ్చిన పేరును వచ్చినట్టే రాసుకుంటుంది. నాన్నగారు కీబోర్డుతో కొట్టిన పేరులో ఐత్వం ఒకే సంకేతం. చిట్టాలో ఒక భైరవి, డిస్క్‌లో ఇంకో భైరవి. మీ కంటికి ఒకటే, ప్లేయర్‌కు వేరు.

‘వైజాగ్ కచేరీలు’ ఫోల్డర్ పేరు పూర్తిగా చెరిపి మీ కీబోర్డుతో మళ్లీ కొట్టండి. లోపలి ఫైళ్ల పేర్లలో ఐత్వం లేకపోతే ఆ ఒక్క మార్పుతో అన్నీ కలుస్తాయి. భైరవి ఫైళ్లకూ అంతే. కాపీ చేసి అతికిస్తే విడదీసిన రూపమే మళ్లీ వస్తుంది, వేలితో కొట్టాల్సిందే. మరీ ఎక్కువ ఉంటే పేర్లన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపిన రూపానికి మార్చే పనిముట్టు వాడండి.

అప్పటికీ ఏదైనా కలవకపోతే పేరు చివర చూడండి. ‘ఆల్బమ్’, ‘వాల్యూమ్’ లాంటి పొల్లు మాటల వెనక కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని విడదీత సంకేతాన్ని వదిలేస్తాయి. పేరు చివర నిలబడి ఒకసారి బ్యాక్‌స్పేస్ కొట్టినా అక్షరమేదీ చెరగలేదంటే అక్కడ అది ఉన్నట్టే.

వ్యాఖ్య (మద్దిలపాలెం)

మేం పాటలన్నీ లినక్స్ సర్వర్లోకి మార్చాం. పొడుగాటి పేర్లున్న కీర్తనలు కొన్ని అసలు కాపీ కాలేదు. వీటిని కూడా ‘అగపడని పాటలు’ అనాలా?

నా జవాబు

వీటిని అనకూడదు. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి డిస్క్‌లో ఒక పేరుకు పరిమితి 255 బైట్లు. తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 85తో అయిపోతుంది. గుణింతం గుర్తులూ, పొల్లులూ, మధ్యలో ఖాళీలూ, చివర ఫైలు రకమూ అందులోకే వస్తాయి. కీర్తన పల్లవి, రాగం, తాళం, పాడినవారి పేరు అన్నీ ఒకే పేరులో పెడితే దాటడం తేలిక. విండోస్‌లో లెక్క బైట్లలో ఉండదు కాబట్టి అక్కడ అవే పేర్లు ఇమిడాయి. కాపీ కానివాటికి చోటు చూపించలేం, చూపడానికి అక్కడ ఫైలు లేదు. వాటికి ‘చేరని పాటలు’ అని వేరే పేరు పెట్టుకోండి. పాత డిస్క్‌లో పేర్లు కుదించి మళ్లీ కాపీ చేయండి, రాగం, తాళం వివరాలు ఫైలు లోపలి ట్యాగుల్లో రాసుకోవచ్చు. కుదించిన పేరు చిట్టాకు కొత్తది కాబట్టి వాటికి మాత్రం ఒక్కొక్కటిగా చోటు చూపించాలి. రెండు డిస్కుల్లోనూ ఫైళ్ల సంఖ్య సరిపోయేదాకా పాతదాన్ని ఫార్మాట్ చేయకండి.