కిడ్నీ జబ్బున్న మాజీ సైనికులకి వ్యాయామం: పర్లాకిమిడిలో 12 వారాలు చేసి చూశాం, మీ అనుభవం చెప్పండి

సుబేదార్_పర్లాకిమిడి:
అందరికీ రామ్ రామ్. నాకు 61. ఫౌజులో 28 ఏళ్లు చేసి సుబేదారుగా దిగాను. మూడేళ్ల కిందట పాదాలు వాస్తున్నాయని వెళ్తే క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే చెడ్డ) 1.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క, తగ్గితే చెడ్డ) 39 అన్నారు. స్టేజ్ 3బి, ఐదు దశల్లో మధ్యది. బీపీ పాత చుట్టమే, షుగర్ లేదు. మా దగ్గర ఇలాంటి మాజీలు నాతో కలిపి ఐదుగురం. ఇద్దరు పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటి వస్తారు.

విశాఖలో చూసే కిడ్నీ డాక్టరు గారు వారానికి 150 నిమిషాలు, మరీ ఆయాసం రాకుండా, ఒంటికి పని చెప్పమన్నారు. ఎలా చెప్పాలో చెప్పేంత తీరిక ఆయనకి లేదు, బయట నలభై మంది ఉన్నారు. సరే, ప్లాను మేమే వేసుకుని ఆయనకి చూపించి సరే అనిపించుకున్నాం. వారానికి ఐదు రోజులు అరగంట నడక. సోమ, బుధ, శుక్రవారాల్లో దానికి తోడు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, లీటరు నీళ్ల సీసాలు చేతుల్తో ఎత్తడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం.

మొదటి రోజు, చివరి రోజు కొలతలు తీశాం. పాత బడి వరండాలో టేపు పట్టి 30 మీటర్లు కొలిచి, రెండు చివరలా సుద్దముక్కతో గీత. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడుస్తామో ఒకటి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తామో రెండోది. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతోందని గోడకి ఆనించాం. నావి: నడక 380 మీటర్ల నుంచి 445కి, కుర్చీ 9 నుంచి 14కి.

ఇంతా చేస్తే క్రియాటినిన్ మాత్రం మళ్లీ 1.9. కిందటి వారం ఆ కాగితం చూసి మా హవల్దారు "సాబ్, ఈ మాత్రానికి నాలుగున్నరకి లేవాలా?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ ఎవరైనా చేసి చూశారా? ఎవరికైనా తగ్గిందా?

ఫిజియో_బరంపురం:
సార్, మీ కొలతలు చూసి ముచ్చటేసింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది "కొంచెం బాగుంది" అంటారే తప్ప అంకె చెప్పరు.

క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది. కండ పెరిగితే అది కాస్త పెరిగినట్టు కూడా కనిపించొచ్చు, కిడ్నీ అలాగే ఉన్నా సరే. మీరు కండ పెంచుకుని కూడా 1.9 దగ్గరే ఉన్నారు. కిడ్నీ నిజంగా ఎలా ఉందో అనుమానం తీరాలంటే సిస్టాటిన్ సి అని ఇంకో రక్తపరీక్ష ఉంది, దాని మీద కండ ప్రభావం తక్కువ. ఖరీదు ఎక్కువ, డాక్టరు అవసరమంటేనే చేయించుకోండి.

ఒక చిన్న పేచీ. ఆరు నిమిషాల నడక మొదటిసారి చేసినప్పుడు ఎవరైనా తడబడతారు. రెండోసారి ఆ అలవాటుకే కొన్ని మీటర్లు పెరుగుతాయి. అందుకే మేం ముందు ఒకసారి ఉత్తినే నడిపించి తర్వాతే లెక్క రాసుకుంటాం. ఇంకోటి, పోల్చుకోవడానికి వ్యాయామం చేయని మనిషి మీ జట్టులో లేడు.

సుబేదార్_పర్లాకిమిడి:
లేకేం, మా ఐదోవాడు ఉన్నాడు. మూడో వారానికే మానేశాడు. వాడి కుర్చీ లెక్క మొదట 10, చివర్లో బతిమాలి పిలిపించి చూస్తే 9. కిందటి నెల పెళ్లిలో బంతి భోజనానికి కింద కూర్చుని లేవడానికి ఇద్దరు చెయ్యివ్వాల్సి వచ్చింది.

నేవీ_గోపాలపూర్:
నేను చేసిన తప్పు రాస్తాను, ఇంకొకరు చేయకుండా ఉంటే చాలు.

నాది క్రియాటినిన్ 2.1. వ్యాయామం మంచిదని ఎక్కడో చదివి, మర్నాడు పొద్దున్నే గోపాలపూర్ బీచ్‌లో ఇసుక మీద ఐదు కిలోమీటర్లు పరుగు పెట్టాను. మే నెల. సర్వీసులో పరుగు పరీక్ష ఎప్పుడూ ఫెయిలవని మనిషిని కదా, అదే లెక్కలో పోయాను. నీళ్లు తాగలేదు. రాత్రికి పిక్కలు పట్టేసి ఏడుపొక్కటే తక్కువ. ఇంట్లో డైక్లోఫెనాక్ బిళ్లలుంటే రెండు రోజులు వేసుకున్నాను, మోకాలి నొప్పికి ముందునుంచీ అలవాటే. నాలుగో రోజు పరీక్షలో క్రియాటినిన్ 2.9.

డాక్టరు నా పరుగుని తిట్టలేదు, బిళ్లని తిట్టారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఆ జాతి నొప్పి బిళ్లలు పడవట. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ ప్రమాదమట. మూడు వారాలకి 2.2కి దిగింది. ఆ మూడు వారాలు నా భార్య నాతో మాట్లాడలేదు. అది వేరే కథ.

ఫౌజీలకి నెమ్మదిగా చేయడం రాదండీ. ఒంట్లో బాగాలేదని సిక్ రిపోర్ట్ ఇవ్వడమంటే నామోషీ, వెనకబడితే నామోషీ. ఇప్పుడు నాకు ఒకటే గుర్తు: నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వచ్చేస్తే మెల్లగా నడుస్తున్నట్టు, మాట తడబడితే ఎక్కువైనట్టు.

ఫిజియో_బరంపురం:
పై పోస్టుకి దండం. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మందులు వాడేవాళ్లు నాడి లెక్కని నమ్మొద్దు, ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. వాళ్లకి ఈ మాట-పాట పద్ధతే మేలు. రక్తపరీక్ష ఉన్న ముందు రోజు బరువులు, గట్టి వ్యాయామం వద్దు, క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడ ఆపేయాలి. పొద్దున బీపీ పైది 180 దాటితే ఆ రోజుకి సెలవు.

కవిటి_మేనల్లుడు:
అందరికీ నమస్కారం. నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మాది ఉద్దానం. మా మావయ్యలు ముగ్గురికీ కిడ్నీ పోయింది. ముగ్గురూ కొబ్బరి, జీడి తోటల్లో పుట్టినప్పటినుంచి ఒళ్లొంచి పనిచేసినవాళ్లే. వాళ్లకి లేని వ్యాయామమేటండీ? మా వైపు ఈ జబ్బుకి కారణమేంటో ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. సంతోషమే. కానీ "నడవండి, తగ్గుతుంది" అని ఎవరైనా అంటే మా ఊళ్లో నవ్వుతారు.

ఫిజియో_బరంపురం:
తమ్ముడూ, "తగ్గుతుంది" అని ఇక్కడెవరూ అనలేదు, నేనైతే అసలు అనను. మండుటెండలో నీళ్లు లేకుండా పది గంటలు గునపం పట్టడం వేరు, చల్లటి పూట అరగంట నడవడం వేరు. మొదటిదాంట్లో ఆపే హక్కు మీ మావయ్యలకి లేదు, కూలి పోతుంది.

అమెరికాలో చికాగో దగ్గర హైన్స్ అనే చోట మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. షుగర్, స్థూలకాయం, కిడ్నీ జబ్బు మూడూ ఉన్న 36 మంది మగవాళ్ల మీద అక్కడ ఇదే పరీక్ష చేసి 2016లో ప్రచురించారు. సగం మందికి వ్యాయామం ఇచ్చారు: 12 వారాలు ఆసుపత్రిలో, మరో 40 వారాలు ఇంటి దగ్గర. వ్యాయామం చేయగల శక్తి పెరిగింది, కిడ్నీ పనితీరు మాత్రం మెరుగవలేదు. సుబేదార్ గారి వరండాలో కనిపించింది కూడా అదే.

కవిటి_మేనల్లుడు:
ఒప్పుకుంటాను. గునపం మాట బాగా చెప్పారు.

బరంపురం_కూతురు:
మా నాన్నగారు రిటైర్డ్ నాయక్, వారానికి మూడు రోజులు డయాలసిస్. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు అసలు చేయొచ్చా అని ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలపడం) ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పిన రోజునుంచి ఆ చేత్తో రబ్బరు బంతి నొక్కించాం, నరం పొంగడానికి. బంతి ఎక్కడికో దొర్లిపోతే మా అమ్మ మెత్తటి గుడ్డని ఉండగా కట్టి ఇచ్చేది. ఆ చేత్తో బరువులు ఎత్తనివ్వం, ఆ చేతికి బీపీ పట్టా కట్టనివ్వం. ఇది కొత్తగా వచ్చిన నర్సులకి కూడా ప్రతిసారీ చెప్పుకోవాల్సిందే.

నడక మాత్రం డయాలసిస్ లేని రోజుల్లోనే. మెషీన్ మీద నుంచి దిగిన సాయంత్రం బీపీ పడిపోయి మంచం దిగలేరు. కొన్ని చోట్ల డయాలసిస్ జరుగుతుండగానే, మొదటి రెండు గంటల్లో పడుకునే పెడల్ తొక్కిస్తారట. మా సెంటర్‌లో అడిగితే "మంచాల మధ్య స్టాండు పట్టదమ్మా" అన్నారు, అదీ నిజమే. ఇటలీలో 296 మంది డయాలసిస్ రోగుల మీద ఇంటి దగ్గర నడక పరీక్షించారు. ఆరు నెలలకి నడిచినవాళ్ల సగటు ఆరు నిమిషాల్లో 328 మీటర్ల నుంచి 367కి వచ్చింది, నడవని జట్టు దాదాపు ఉన్నచోటే ఉంది. మా నాన్నగారు 210 నుంచి 250. బాత్రూంకి తోడు లేకుండా వెళ్తున్నారు. నాకు ఆ 40 మీటర్లంటే అదే.

నేవీ_గోపాలపూర్:
నడిచొచ్చాక కొబ్బరిబొండం తాగొచ్చా? మా బీచ్ దగ్గర పొద్దున్నే బళ్లు నిలబడతాయి.

బరంపురం_కూతురు:
అంకుల్, ముందు మీ పొటాషియం రిపోర్టు చూసుకోండి, కిడ్నీ బాగాలేకపోతే అది ఒంట్లో పేరుకుపోతుంది. ఒక పెద్ద బొండంలో అరటిపండు కంటే ఎక్కువే ఉంటుంది. మా నాన్నగారికి పూర్తిగా బంద్. కొబ్బరిచెట్ల మధ్య పుట్టిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడం సంగతైతే చెప్పనే వద్దు, బరంపురంలో ఉంటూ అప్పడం లేని భోజనమంటే అలిగి లేచిపోయేవారు. ఇప్పుడు పండగలకి ఒక్కటి, అదీ సగం.

సుబేదార్_పర్లాకిమిడి:
అందరివీ చదివాను, హవల్దారుకి కూడా చదివి వినిపించాను. సగం మాటలకి తలూపాడు, అప్పడం దగ్గర మాత్రం లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. 12 వారాలు అయిపోయాక రోజుకొకరు తగ్గుతున్నారు. కొలతలు ఉన్నన్నాళ్లు పరీక్షకి వెళ్లినట్టు వచ్చారు, నోటుబుక్కు మూసేసరికి ఫాలిన్‌కి (వరసలో నిలబడడానికి) మనుషుల్లేరు. నిన్న ఇద్దరమే. ఒకరి మనవడికి జ్వరం, ఇంకొకాయన ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) మందుల కోసం బరంపురం బస్సెక్కాడు.

ఫిజియో_బరంపురం:
అందరికీ తప్పేదే ఇది సార్. నా దగ్గర పనిచేసింది ఒక్కటే: నెలకొకసారి అదే వరండా, అదే కుర్చీ, అదే లెక్క. మర్చిపోకుండా ఇంట్లోవాళ్ల చేత రాయించండి, మగవాళ్ల చేత వద్దు.

సుబేదార్_పర్లాకిమిడి:
మా ఆవిడకి పుస్తకం ఇచ్చేశాను. మొదటి పేజీలో అందరి పేర్లూ రాసి, మానేసిన ఐదోవాడి పేరు కూడా రాసింది. ఎందుకని అడిగితే వాళ్లావిడతో మాట్లాడిందట, సోమవారం నుంచి వస్తాడట. వరండా గీతలు వానకి చెరిగిపోయాయి, రేపు పొద్దున టేపు పట్టుకెళ్లి మళ్లీ గీయాలి. ఈసారి ఫిజియో గారు చెప్పినట్టు ముందొక నడక ఉత్తినే.