ఒంట్లో అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటే కన్ను, కండ వేరువేరుగా ఎలా తయారవుతాయి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ‘ఒక్క కణం నుంచే ఒళ్లంతా తయారైతే, కంటి కణాల్లో కంటికి కావలసిన జన్యువులే మిగిలి, తక్కినవి పోతాయా?’ అని నిన్న అడిగింది. నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు (జంతుశాస్త్ర అధ్యాపకురాలు):
చాలా మంచి ప్రశ్న. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మాన్ అంతటివాడు సరిగ్గా ఇలాగే ఊహించాడు. కానీ జన్యువులు ఎక్కడికీ పోవు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, అంటే డీఎన్‌ఏ ఉండే భాగాన్ని తీసి, సొంత కేంద్రకం పనిచేయకుండా చేసిన కప్ప గుడ్డులో పెట్టారు. చాలా గుడ్లు పాడయ్యాయి, కొన్ని మాత్రం ఈదే తోకకప్పలయ్యాయి. 1962లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే కప్పను తయారుచేసే సమాచారమంతా పేగు కణంలో పదిలంగానే ఉందన్నమాట.

తేడా అంతా ఏ జన్యువు పనిచేస్తోంది, ఏది ఊరుకుంది అన్నదానిలోనే. అది ఎలా తేలుతుందో నేను కోడిపిండంలో చూపిస్తాను. అంగడి గుడ్లు పనికిరావు, పుంజుతో కలిసి తిరిగే నాటుకోడి గుడ్లు కావాలి. రెండు రోజులు పొదిగించి, గోరువెచ్చని ఉప్పునీటిలో జాగ్రత్తగా పగలగొడితే, పచ్చసొన మీద ఆవగింజంత గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో తల వైపు చూడండి. మెదడు నుంచి రెండు బుడిపెలు పక్కలకు పొడుచుకొచ్చి పైచర్మాన్ని తాకుతుంటాయి. తాకినచోట చర్మం మందమై, లోపలికి కుంగి, కంటి కటకం అవుతుంది. ఆ కణాలు క్రిస్టలిన్ అనే ప్రోటీన్‌తో నిండిపోతాయి. పక్కనే ఉన్న చర్మంలోనూ క్రిస్టలిన్ జన్యువు ఉంది, అయినా అక్కడ మూగగానే ఉంటుంది. ఇరుగుపొరుగు కణాల సంకేతం ఒక్కటే చాలదు. దాన్ని అందుకోవడానికి తలభాగపు చర్మం ముందే సిద్ధపడి ఉండాలి. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

సంకేతం ఆగిపోయాక కూడా కణం తన పని మరవదు. కండరాల్లో మయోడి అనే ప్రోటీన్ కండర జన్యువులను పనిలో పెట్టడంతో పాటు తన సొంత జన్యువునూ ప్రేరేపించుకుంటుంది. 1987లో అమెరికాలోని సియాటెల్‌లో వైన్‌ట్రాబ్ అనే శాస్త్రవేత్త బృందం ఆ ఒక్క జన్యువును ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లో (సంధాయక కణజాలపు కణాల్లో) పనిచేయిస్తే అవి కండర కణాలుగా మారాయి.

మరో జవాబు (రక్తనిధి టెక్నీషియన్):
మేడం చెప్పినదానికి మినహాయింపులున్నాయి. మన ఎర్రరక్తకణాలు పక్వమయ్యేటప్పుడు కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తాయి. కోడి రక్తంలో అది అలాగే ఉంటుంది. ప్రతిరక్షకాలు తయారుచేసే బి కణాలనే తెల్లరక్తకణాలైతే ప్రతిరక్షకాల జన్యువుల ముక్కలను కత్తిరించి అతికించుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అసలు మొట్టమొదటి తేడా ఎక్కడ మొదలవుతుంది?

అధ్యాపకురాలు:
రక్తకణాల సంగతి గుర్తుచేసినందుకు సంతోషం. మొదటి తేడా జంతువును బట్టి మారుతుంది. ఈగ గుడ్డులో ముందువైపు తల్లే బైకాయిడ్ ఆర్‌ఎన్‌ఏను (తల ఎటు ఏర్పడాలో తేల్చే జన్యువు నకలును) పెట్టి పంపుతుంది. ఎలుక పిండంలో పదహారు కణాల దశకు కొన్ని కణాలు బయట, కొన్ని లోపల పడతాయి. మొత్తం మీద బయటివి మాయ వైపు, లోపలివి పిల్ల వైపు నడుస్తాయి. మొదట్లో అవి చోటు మారితే దారి కూడా మారగలవు.