క్యాజువాలిటీ గుమ్మంలో ఎవరుండాలి: చీటీ రాసేవాళ్లా, నర్సా?

నక్షాల మనిషి: జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి కొత్త ప్లాను గీస్తున్నాను. చీటీ కౌంటరు గుమ్మం పక్కనే ఉండాలని కొందరి పట్టుదల. నేను ఒప్పుకోను. గుమ్మంలో ట్రయాజ్ నర్సు, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సు ఉండాలి. ఎరుపు కేసు, అంటే ప్రాణాపాయంలో ఉన్న పేషెంటు, ఆగకుండా లోపలికి పోవాలి. ఛాతీనొప్పితో వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తియ్యాలంటారు. అదంతా క్యూలోనే కరిగిపోతే ఎలా?

రికార్డుల సెక్షన్: సార్, పేరు రాయకుండా రక్తం ల్యాబుకి ఎలా పంపుతారు? ఒకే యాక్సిడెంట్లో నలుగురొస్తే శాంపిళ్లు తారుమారవుతాయి. తప్పు గ్రూపు రక్తం ఎక్కితే ప్రాణానికే ముప్పు. ఎంఎల్‌సీలో, అంటే పోలీసు కేసయ్యే పేషెంట్ల రికార్డులో, వచ్చిన టైము కోర్టు అడుగుతుంది కూడా.

నైట్ డ్యూటీ నర్సు: కావాల్సింది నంబరన్నా, పేరు కాదు. ముందే నంబరు వేసిన పట్టీ చేతికి కట్టి, అదే నంబరు శాంపిల్ సీసాకి అంటిస్తే చాలు. టైము ఆ పట్టీ మీదే వేస్తాం. ముందు వైద్యం, తర్వాతే లాంఛనాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

రికార్డుల సెక్షన్: సరేనమ్మా, తెచ్చినవాళ్లు దించేసి వెళ్లిపోతే వివరాలు ఎవర్నడగాలి?

నైట్ డ్యూటీ నర్సు: వెళ్లనివ్వండి. యాక్సిడెంటు కేసుని తెచ్చినవాళ్లు పేరు చెప్పి తీరాలని లేదు, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు. గుమ్మంలో ఆపి ప్రశ్నలు వేస్తారన్న భయంతోనే చాలామంది రోడ్డు మీద పడినవాళ్లని ముట్టుకోరు.

108 టెక్నీషియన్: మీ ఇద్దరి గొడవలో మా బాధ ఎవరికీ పట్టలేదు. ఆసుపత్రి ట్రాలీ ఖాళీ ఉండదు. పేషెంటు మా స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు, అది లేకుండా బండి కదలదు. అవతల ఇంకో ఊరు నుంచి కాల్ వస్తుంటుంది. పోర్టికోలోనే ట్రాలీలు నిలిపే చోటు గీయండి సార్. ర్యాంపు మలుపులో స్ట్రెచర్ తిరుగుతుందో లేదో కాగితం మీద కాదు, తోసి చూడండి.

నక్షాల మనిషి: పోర్టికో మాట నాకు తట్టలేదు, కలుపుతాను. ట్రాలీకే బరువు తూచే ఏర్పాటు ఉంటే?

నైట్ డ్యూటీ నర్సు: తప్పకుండా ఉండాలండీ. ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకి బరువుని బట్టే మందివ్వాలి, కాటా మీద నిలబెట్టలేం.

రికార్డుల సెక్షన్: పట్టీల పద్ధతికి నేను సిద్ధమే. కానీ రాత్రి ఉన్న కొద్దిమంది నర్సుల్లో ఒకర్ని గుమ్మంలో కూర్చోబెడితే వార్డు ఎవరు చూస్తారు? ఆ పోస్టు మంజూరు కాకుండా కౌంటరు కదిలిస్తే గుమ్మంలో ఖాళీ కుర్చీయే మిగులుతుంది సార్.