పచ్చళ్ల దుకాణం వెబ్‌సైటుకు సర్టిఫికెట్ రావడం లేదు, దయచేసి సహాయం చేయండి

పచ్చళ్ల దుకాణం, అరండల్‌పేట, గుంటూరు:
నమస్కారమండీ. మాకు పచ్చళ్లు, కారప్పొడులు అమ్మే చిన్న దుకాణం ఉంది. ఊరి బయటి ఆర్డర్లన్నీ వెబ్‌సైటు ద్వారానే వస్తాయి. కొనేవారు నింపే వివరాలు దారిలో ఎవరూ చదవకుండా దానికి సర్టిఫికెట్ ఒకటి, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వారిది, పెడదామని మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. దాన్ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా ‘అన్‌ఆథరైజ్డ్’ అనీ, 404 (అడిగింది ఇక్కడ లేదు) అనీ చెప్పి ఆగిపోతోంది. సైటు దుకాణంలోని కంప్యూటరులో చక్కగా తెరుచుకుంటోంది, బయటివారు సైటుకు వచ్చే 80వ పోర్టు కూడా తెరిచే ఉంది. ఇవి ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యే రోజులు. చిరునామా, ఫోన్ నంబరు నింపే చోట బ్రౌజరు ‘నాట్ సెక్యూర్’ అని చూపిస్తే కొనేవారు అక్కడితో ఆగిపోతున్నారు. ఇంకేం చేయాలో నాకు తోచడం లేదు.

పటమట సభ్యుడు:
మీరు ఉచిత సర్టిఫికెట్ కోసం ఇంత అవస్థ పడటం నాకు నచ్చలేదండీ. వ్యాపారం అన్నాక డబ్బు పెట్టి, సంస్థ పత్రాలన్నీ చూపించి, పూర్తి పరిశీలన జరిగిన సర్టిఫికెట్ తీసుకోవాలని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకే ముగిసిపోతుంది. డొమైన్ (సైటు పేరు) చేతిలో ఉంటే చాలు, ఎవరికైనా ఇస్తారు. మోసగాళ్లు కూడా అదే తీసుకుని సైటుకు తాళం గుర్తు తెచ్చుకుంటున్నారు. కొనేవారికి మీ సంస్థ పేరు కనిపించాలి, అప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఆటోనగర్ సభ్యుడు:
సర్వరు ఏది? డొమైన్ పేరు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డులన్నీ ఇక్కడ రాయండి. అవి లేకుండా ఏమీ చెప్పలేము.

లక్ష్మీపురం అధ్యాపకురాలు:
పటమట వారు చెప్పిన సంస్థ పేరు ఇప్పుడు బ్రౌజరు పైన ఉండే చిరునామా పట్టీలో కనిపించదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2019లోనే దాన్ని అక్కడి నుంచి తీసేశాయి. ఎక్కువ ధర పెట్టి కొన్నంత మాత్రాన గుప్తీకరణ (వివరాలను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) బలం పెరగదు. మారేది సర్టిఫికెట్ ఇచ్చే ముందు జరిగే విచారణ మాత్రమే.

గుప్తీకరణ సంగతి వచ్చింది కనుక మరొకటి చెబుతాను. అందరూ ‘ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్’ అంటారు గానీ ఎస్ఎస్ఎల్ అనే ఆ పాత గుప్తీకరణ పద్ధతి చివరి కూర్పును 2015లోనే వాడవద్దని నిర్ణయించారు. దాని స్థానంలో వచ్చి ఇప్పుడు వాడుకలో ఉన్నది టీఎల్ఎస్. అందులో 1.0, 1.1 కూర్పులను కూడా 2021లో పక్కన పెట్టారు. పాత హోస్టింగు పేజీల నుంచి సెట్టింగులు తెచ్చుకుంటే ఆ పాత కూర్పులు తెరిచే ఉండిపోతాయి. కాబట్టి 1.2, 1.3 మాత్రమే ఉంచండి.

పటమట సభ్యుడు:
అమ్మే కంపెనీలే ఎస్ఎస్ఎల్ అని రాస్తుంటే దుకాణదారులు మరేమని అడగాలండీ? వాడుకలో ఉన్న మాటను తప్పుపట్టనవసరం లేదు.

లక్ష్మీపురం అధ్యాపకురాలు:
నేను తప్పుపట్టలేదు. సర్వరు ఫైలులో ఏ కూర్పు పేరు రాయాలో తెలియాలి కనుక చెప్పాను.

పచ్చళ్ల దుకాణం, అరండల్‌పేట:
అయ్యా, అమ్మా, ముందు నా సర్టిఫికెట్ సంగతి చూడండి. సర్వరులో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్, పేజీలను పంపే ఎన్‌జింక్స్ ప్రోగ్రాము ఉన్నాయి. డీఎన్‌ఎస్‌లో ‘ఏ’ రికార్డు కొత్త సర్వరుకే చూపిస్తోంది, నేనే మార్చాను. పాత హోస్టింగు వారి దగ్గర నుంచి కిందటి వారమే సైటును తెచ్చుకున్నాము. దీనితో సంబంధం ఉందో లేదో గానీ, ఒకరిద్దరు తెలిసినవారు ఫోనులో గోంగూర పచ్చడి ధర ఇంకా కిందటేడాదిదే కనిపిస్తోందని చెప్పారు. బ్రౌజరు పాత పేజీని దాచుకుని ఉంటుందని అనుకున్నాను.

ఆటోనగర్ సభ్యుడు:
‘ఏఏఏఏ’ రికార్డు ఉందా?

బ్రాడీపేట సభ్యుడు:
ఆటోనగర్ వారు అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉందని నాకు అనిపిస్తోంది. గోంగూర ధర కూడా అదే చెబుతోంది. ‘ఏ’ రికార్డు సర్వరు పాత తరహా ఇంటర్నెట్ చిరునామాను (ఐపీవీ4) చెబుతుంది, ‘ఏఏఏఏ’ రికార్డు కొత్త తరహా చిరునామాను (ఐపీవీ6) చెబుతుంది. మీరు మొదటిది మార్చి రెండోది అలాగే వదిలేసి ఉంటే, ఐపీవీ6 ఉన్న మొబైల్ డేటాలో చూసేవారు ఇప్పటికీ పాత సర్వరుకే వెళ్తున్నారు. మీ దుకాణం బ్రాడ్‌బ్యాండులో బహుశా ఐపీవీ6 లేదు, అందుకే మీకు కొత్త సైటు కనిపిస్తోంది.

సర్టిఫికెట్ దగ్గర జరిగేదీ ఇదే. డొమైన్ మీ చేతిలోనే ఉందని చూపడానికి సర్ట్‌బాట్ మీ సర్వరులో ఒక చిన్న ఫైలు పెడుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు బయటి నుంచి, 80వ పోర్టు ద్వారా, మీ డొమైన్ పేరుతో వచ్చి ఆ ఫైలును అడుగుతారు. ఐపీవీ6 చిరునామా ఉంటే ముందు దానికే వెళ్తారు. అక్కడ కనెక్షనే కుదరకపోతే ఐపీవీ4కు వస్తారు గానీ, సర్వరు పలికి ‘ఆ ఫైలు లేదు’ అని 404 ఇస్తే దాన్నే తుది జవాబుగా తీసుకుంటారు. మీ పాత హోస్టింగులో సైటు ఇంకా నడుస్తోంది కనుక అది పలుకుతోంది, కొత్త ఫైలు అక్కడ లేదు కనుక 404 వస్తోంది. పోర్టు మూసి ఉంటే ఈ సందేశం కాక, టైమ్‌ఔట్ లాంటి కనెక్షన్ లోపం వచ్చేది.

డొమైన్ నమోదు చేసిన సంస్థ (రిజిస్ట్రారు) పేజీలో మూల పేరుకూ, ముందు మూడు డబ్ల్యూలు ఉన్న పేరుకూ విడివిడిగా చూడండి. కొత్త సర్వరుకు ఐపీవీ6 చిరునామా ఉండి, ఎన్‌జింక్స్ దాని మీద వచ్చేవారికి కూడా జవాబిస్తుంటే ‘ఏఏఏఏ’ రికార్డును దానికి మార్చండి, లేకపోతే తొలగించండి. ఆ రికార్డు పాత విలువను ఇతర సర్వర్లు ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే టీటీఎల్ ఎంత ఉందో చూసి అంతసేపు ఆగండి. ఈలోగా సర్ట్‌బాట్‌ను ఊరికే నడపవద్దు, ఎందుకంటే ఒకే పేరుకు గంటలో 5 పరిశీలనలు విఫలమైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు కాసేపు తలుపు మూస్తారు. ‘డ్రై రన్’ అని చేర్చి నడిపితే అది పరీక్ష సర్వరుకు వెళ్తుంది, అసలు లెక్కలోకి రాదు.

పటమట సభ్యుడు:
ఇదంతా సరే, డబ్బు చెల్లింపుల సంగతి ఏమిటి? కార్డు వివరాలు ఇలాంటి సైటులో పెట్టమని మా ఇంట్లోవాళ్లకు నేనైతే చెప్పను.

బ్రాడీపేట సభ్యుడు:
వారి సైటులో కార్డు నంబరు అడుగుతున్నారో, చెల్లింపు సంస్థ పేజీకి పంపుతున్నారో మనకు తెలియదు. పంపుతున్నా సరే, పేరు, ఇంటి నంబరు, ఫోను మాత్రం వీరి పేజీ నుంచే సాదా అక్షరాలుగా దారంతా ప్రయాణిస్తున్నాయి. మధ్యలో వైఫై నడిపేవారు ఎవరైనా చదవగలరు, మార్చగలరు కూడా. పచ్చళ్లు తెప్పించుకునే ఇంటి ఆడవాళ్ల ఫోన్ నంబర్లు అవి, వాటిని కాపాడాల్సిన బాధ్యత అమ్మేవారిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పచ్చళ్ల దుకాణం, అరండల్‌పేట:
‘ఏఏఏఏ’ రికార్డు రెండు పేర్లకూ ఉంది, రెండూ పాతవారి చిరునామాలే. తీసేశాను. అరగంట ఆగి నడిపితే సర్టిఫికెట్ వచ్చింది. చెల్లింపులు గేట్‌వే (చెల్లింపు సంస్థ) పేజీలోనే జరుగుతాయి. కాకపోతే తాళం గుర్తు మొదటి పేజీలో వస్తోంది గానీ కారప్పొడుల పేజీలో రావడం లేదు.

ఆటోనగర్ సభ్యుడు:
ఆ పేజీలో బొమ్మలవో మరేవో లింకులు గుప్తీకరణ లేని ‘హెచ్‌టీటీపీ’తో ఉండి ఉండవచ్చు. గుప్తీకరణ ఉన్న ‘హెచ్‌టీటీపీఎస్’గా మార్చండి.

లక్ష్మీపురం అధ్యాపకురాలు:
మార్చిన తరువాత పాత ‘హెచ్‌టీటీపీ’ చిరునామాతో వచ్చేవారిని కూడా కొత్తదానికి మళ్లించేలా ఎన్‌జింక్స్‌లో 301 (శాశ్వత మళ్లింపు) పెట్టండి. అది లేకపోతే వాట్సాప్‌లో తిరుగుతున్న మీ పాత లింకులు నొక్కినవారికి హెచ్చరిక అలాగే కనిపిస్తుంది.

పచ్చళ్ల దుకాణం, అరండల్‌పేట:
సరేనండీ, చాలా థ్యాంక్స్. పార్శిళ్లు కట్టే పని ఉంది, మిగతాది రాత్రికి చూస్తాను.

బ్రాడీపేట సభ్యుడు:
రాత్రికి చూసేటప్పుడు, సర్టిఫికెట్‌ను గడువులోగా దానంతటదే పునరుద్ధరించే సర్ట్‌బాట్ టైమరు నడుస్తోందో లేదో కూడా చూడండి. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఇదివరకు ఈమెయిలు పంపేవారు, 2025 జూన్ నుంచి అది మానేశారు. మీరు సర్టిఫికెట్‌ను ఎన్‌జింక్స్ సెట్టింగులు కూడా తానే మార్చే ఎన్‌జింక్స్ ప్లగిన్‌తో తీసుకున్నారా, సైటు ఫోల్డరులో ఫైలు మాత్రమే పెట్టే వెబ్‌రూట్ పద్ధతిలోనా? రెండోదైతే కొత్త సర్టిఫికెట్ వచ్చినా ఎన్‌జింక్స్‌ను రీలోడ్ చేసేదాకా పాతదే చూపిస్తుంది, దానికి విడిగా ఒక హుక్ (పునరుద్ధరణ కాగానే దానంతటదే నడిచే ఆదేశం) రాయాలి.

పటమట సభ్యుడు:
90 రోజులని నేను మొదటే చెప్పాను.

లక్ష్మీపురం అధ్యాపకురాలు:
డబ్బు పెట్టి కొన్నవాటికీ గడువు తగ్గుతోందండీ. 2029 మార్చి 15 నుంచి జారీ చేసే ఏ సర్టిఫికెట్‌కైనా గరిష్ఠ గడువు 47 రోజులే. దానంతటదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు అందరికీ తప్పదు.

బ్రాడీపేట సభ్యుడు:
అరండల్‌పేట వారూ, ప్లగిన్ సంగతి చెబితే హుక్ ఎలా రాయాలో ఇక్కడే రాస్తాను.